ఒట్టు పట్టుకున్నవాడు

గ్యారీ లిఫ్టు గుంతలో పడి చనిపోయాడు. రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. లోపల లిఫ్టు లేదు. చేతిలో బల్బుల పెట్టె పట్టుకుని అడుగు వేశాడు, అంతే. లీసెస్టర్‌లో మా కేర్ హోంలో పదకొండేళ్ళు కుళాయిలు, మంచాల చక్రాలు బాగుచేసిన మనిషి. నా పేరు సులోచన. అక్కడి ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, అన్నం పెట్టడం నా పని. ఆ తలుపు పాడైందని ఫాల్ట్ బుక్‌లో మూడుసార్లు రాసింది నేనే. గ్యారీ పోయిన మర్నాడు చూస్తే ఆ పేజీలు లేవు. చింపేశారు. దీన్ని ప్రమాదం అనేవాళ్ళతో నాకు మాటల్లేవు.

గ్యారీ హీదెన్. అంటే క్రైస్తవం రాకముందు ఈ నేల మీద కొలిచిన దేవుళ్ళను, వోడెన్‌ను, థూనర్‌ను, మళ్ళీ కొలిచేవాళ్ళలో ఒకడు. మెడలో ఆ థూనర్ సుత్తి బిళ్ళ చూసిన రోజే నాకు అనుమానం వచ్చింది. అలాంటి గుర్తులు పొడిపించుకుని మనలాంటివాళ్ళ మీదకు వచ్చే మూకలను చూశాను నేను. మొహం మీదే అడిగాను.

"నువ్వూ వాళ్ళలో ఒకడివా?"

"దేవుళ్ళు జాతి, రక్తం చూసి పలుకుతారనే వెధవలు మాలోనూ ఉన్నారు. వాళ్ళను మేం గుమ్మం ఎక్కనివ్వం," అన్నాడు. ఆ రోజు నుంచీ టీ కలిసి తాగేవాళ్ళం.

తమ గుంపును వాళ్ళు హార్త్ అంటారు, అంటే పొయ్యి. గ్యారీ పోయిన మూడో వారం, జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, వాళ్ళు సంబెల్ అనే తమ తాగుడు పూజ పెట్టుకుని నన్నూ పిలిచారు. ఊరి చివర స్కౌట్ల షెడ్డు. తొమ్మిది మంది, రెండు హీటర్లు. పెద్ద దిక్కు మార్గరెట్, బస్సు నడిపి రిటైరైన డెబ్బై ఏళ్ళ మనిషి. ఎద్దు కొమ్ములో తేనె సారా పోసి చేతి నుంచి చేతికి తిప్పుతారు. నేను తాగనంటే, "ఆపిల్ రసం పోస్తాం. దేవుళ్ళకు పట్టింపు లేదు," అంది మార్గరెట్.

మొదటి చుట్టు దేవుళ్ళకు. రెండోది చనిపోయినవాళ్ళకు. గ్యారీ తన పెళ్ళికి కూడా పనివాళ్ళ గ్లవ్స్‌తోనే వచ్చాడని ఒకాయన చెబితే అందరూ నవ్వి, ఆ తర్వాత ఏడ్చారు. మూడో చుట్టు ప్రమాణాలకు. కొమ్ము పట్టుకుని అన్న మాట అక్కడున్న అందరి అదృష్టానికీ ముడి పడుతుందని ముందే చెప్పారు. అందుకే ఎదురు ప్రశ్న వేయడానికి ఒక మనిషిని పెట్టుకుంటారు.

కొమ్ము నా చేతికి వచ్చింది. కడుపులో మంట ఉంది కదా, ఊరుకుంటానా?

"గ్యారీ ఎలా చచ్చాడో కోర్టులో నిజం చెబుతాను," అన్నాను.

"దేన్ని సాక్షిగా పెట్టి చెబుతున్నావ్?" ప్రశ్నలాయన అడిగాడు.

నోటికి తెలుగు వచ్చేసింది. "నా కూతురు మానస మీద ఒట్టు."

మనకు ఇదేమైనా కొత్తా? కూరల బండి దగ్గర కూడా పిల్లల మీద ఒట్టు పెడతాం. వాళ్ళు అదేదో ప్రార్థన అనుకున్నారు. అర్థం ఎవరూ అడగలేదు. తొమ్మిది మందీ ఆ కొమ్ములోంచి తాగారు. మిగిలింది మార్గరెట్ బయటకు తెచ్చి చెట్టు మొదట్లో పోసింది. నేల మంచుకు బిగిసి రాయిలా ఉంది. అయినా పోసింది పోసినట్టే లోపలికి పోయింది. తడి కూడా మిగలలేదు.

సోమవారం పొద్దున మానసకు జడ వేస్తున్నాను. దానికి తొమ్మిదేళ్ళు.

"మమ్మీ, నా హెడ్ మీద హ్యాండ్ తియ్యి."

"నా రెండు చేతులూ జడలోనే ఉన్నాయి కదే."

"ఆ హ్యాండ్స్ కాదు. పైన ఉన్నది. గ్లవ్ వేసుకుంది. స్క్రాచీగా ఉంది."

దువ్వెన జారి పడింది. గ్యారీని అది ఎన్నడూ చూడలేదు. గ్లవ్స్ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన విజయకుమార్ టోస్ట్ నములుతూ నవ్వాడు. "స్కూల్ ఎగ్గొట్టే వేషాలు. తల్లి స్ట్రైకులు చేస్తే పిల్ల చేయదా?"

"నువ్వు నోరు ముయ్యి," అన్నాను.

ఆ వారమే మా ఓనర్ డాక్టర్ ఆనందరావు పిలిపించాడు. గుంటూరు మనిషి, ఇక్కడ మూడు కేర్ హోంలు. గదిలో వెంకటేశ్వరస్వామి పటం, పక్కనే టీ.

"కూర్చోమ్మా సులోచనా. మనవాళ్ళు కదా అని నిన్ను ఇండియా నుంచి తెచ్చుకున్నాం."

"తెచ్చుకోవడానికి నేనేమన్నా ఆవకాయ జాడీనా డాక్టర్‌గారూ?"

"నీ నోరు మారదు. సరే, విను. గ్యారీ చావు మీద కోర్టు విచారణ, అదే ఇన్‌క్వెస్ట్, దాంట్లో నిన్ను అడుగుతారు. లిఫ్ట్ గురించి నువ్వేమీ రాయలేదు. అదే ఇందులో ఉంది, సైన్ చెయ్."

"రాశాను కదండీ."

"ఏదీ, చూపించు?" అని ఖాళీ చేతులు చాపాడు. "వీసా స్పాన్సర్ నేను. రేపు నేను వద్దంటే అరవై రోజుల్లో ముగ్గురూ ఫ్లైట్ ఎక్కాలి. పాప బాగా చదువుతోందటగా?"

సంతకం పెట్టాను. బ్రేక్ రూంలో అందరికీ హక్కుల మీద ఉపన్యాసాలు దంచే నేను, ఆయన పెన్నే తీసుకుని పెట్టాను. పిల్ల కోసమే అని నాకు నేనే చెప్పుకున్నాను. భయపడ్డవాళ్ళందరూ చెప్పేది అదేగా.

ఇంటికి వచ్చేసరికి మానస మెట్ల మీద కూర్చుని ఉంది. గడ్డం గుండెకు ఆనుకుని ఉంది.

"ఇట్స్ సో హెవీ, మమ్మీ."

నడినెత్తిన జుట్టు అణిగిపోయి, బొటనవేలు ఎటో, మిగతా నాలుగు ఎటో తెలిసేలా చారలు పడి ఉన్నాయి. దువ్వితే లేచి, మళ్ళీ అలాగే పడుకున్నాయి. పుట్టినరోజుకు తలుపు చట్రం మీద దాని ఎత్తు గీసి పెట్టాం. విజయకుమార్ పిల్లను అక్కడ నిలబెట్టి స్కేలు పెట్టాడు. గీతకు వేలెడు కిందకు వచ్చింది. మళ్ళీ కొలిచాడు. ఆ పైన జోకులు మానేశాడు. మా జీపీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తే, "పిల్లలు నిటారుగా నిలబడరు," అని పంపేశాడు. మర్నాడు అర వేలు తగ్గింది.

నేను మార్గరెట్ ఫ్లాట్‌కు పరిగెత్తి, ఆ రోజు తెలుగులో ఏమన్నానో విడమర్చి చెప్పాను. ఆమె కెటిల్ కింద పెట్టేసింది.

"పిల్లను పెట్టావా? మేం ఒట్టు మా పేరు మీదే పెట్టుకుంటాం. ఇంకొకరి అదృష్టం తాకట్టు పెట్టే హక్కు ఎవరికీ లేదు."

"తెలియక అన్నాను. రద్దు చెయ్యండి. మీ దేవుళ్ళకు మేకను ఇవ్వమంటే ఇస్తా."

"బస్సు టికెట్టా రద్దు చెయ్యడానికి? మేం తొమ్మిది మందిమీ దాని మీద తాగాం." చెయ్యి చూపించింది. వేళ్ళు మధ్యకు ముడుచుకుపోయి ఉన్నాయి. "మొన్నటి నుంచి ఇంతే. మిగతావాళ్ళకూ అంతే. నువ్వు ఏం చేశావ్ మొన్న?"

సంతకం సంగతి చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"గ్యారీ పసిపిల్లను బాధపెడతాడా? నీకు తెలుసుగా అతను," అన్నాను.

"పెట్టడు. అతను ఇంకా పడుతూనే ఉన్నాడు, సులోచనా. పడేవాడు చేతికి దొరికిందాన్ని పట్టుకుంటాడు. మేం తాడు ఇచ్చాం అనుకున్నాం. నువ్వు పిల్ల తల ఇచ్చావు."

ఇన్‌క్వెస్ట్ ఫిబ్రవరిలో, స్కూలు సెలవుల వారంలో పడింది. మానస అప్పటికి మెడ ఎత్తలేకపోతోంది. విజయకుమార్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కోర్టు బయట కారిడార్‌లో కూర్చున్నాడు. "అరవై రోజులు కాకపోతే ఆరు రోజులియ్యనీ. పోయి చెప్పేసిరా," అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను ఎక్కడికైనా పోయి మాట్లాడమనడం అదే మొదటిసారి. హార్త్ వాళ్ళు తొమ్మిది మందీ గోడ వెంట నిలబడ్డారు, ముడుచుకున్న చేతులు జేబుల్లో పెట్టుకుని.

లోపల గుమాస్తా నా ముందు భగవద్గీత పెట్టింది. దాని మీద చెయ్యి వేస్తే నాకు ఏమీ అనిపించలేదు. డాక్టర్‌గారి లాయరు కాగితం పైకెత్తాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఏ ఫిర్యాదూ రాయలేదని ఇందులో చెప్పారు."

"అబద్ధం చెప్పాను. వీసా పోతుందని భయపడి చెప్పాను. ఆయనే చెప్పించాడు, అదిగో, టై సర్దుకుంటున్నాడే, ఆయన." లాయరు ఏదో అనబోయాడు. ఆగలేదు నేను. "ఆ తలుపు గురించి మూడుసార్లు రాశాను. తేదీలు రాసుకోండి. నవంబరు నాలుగు. నవంబరు పంతొమ్మిది. డిసెంబరు రెండు."

చివరి తేదీ నోట్లో ఉండగానే కారిడార్‌లో విజయకుమార్ కేక వినిపించింది. ఎవరినీ అడగకుండా బయటకు పరిగెత్తాను.

మానస నిలబడి ఉంది. మెడ నిటారుగా ఉంది. జుట్టు నడినెత్తిన పైకి లేచి గాలికి ఊగుతోంది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. గోడ దగ్గర తొమ్మిది మందీ జేబుల్లోంచి చేతులు తీసి, విప్పిన వేళ్ళకేసి చూసుకుంటున్నారు.

"వదిలేశాడు, మమ్మీ."

"ఎవరమ్మా?"

"ది గ్లవ్ మ్యాన్. హి జస్ట్ లెట్ గో."

దాన్ని గట్టిగా పట్టుకున్నాను. వెనక డాక్టర్ ఆనందరావు అప్పుడే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటకు వస్తున్నాడు. "ఆమె స్పాన్సర్‌షిప్ క్యాన్సిల్ చేసేయ్, ఈ రోజే," అంటున్నాడు తెలుగులోనే, అందరూ వినేలా. అననీ.

"ఎటు వెళ్ళాడమ్మా?" అని అడిగాను.

మానస తల వంచి తన బూట్ల మధ్య కార్పెట్‌కేసి చూసింది.

"కిందకి."

మార్గరెట్ కళ్ళు మూసుకుంది. కారిడార్‌లో ఎవ్వరూ కదల్లేదు. అందరం చెవులు రిక్కించి నిలబడ్డాం. ఎంతసేపటికీ అతను నేలకు తాకిన చప్పుడు రాలేదు.