శనిని చూసే వరుస

చీకటి పడే ముందు ఒక నీలం వస్తుంది.

ఎక్కువసేపు ఉండదు. పచ్చిక మీద చెమ్మ దిగుతుంది. ఇనుప స్టాండు చల్లబడుతుంది. ఆ నీలంలోనే ఆమె టెలిస్కోపు బిగిస్తుంది — ఒక్కతే, మోకాళ్ల మీద కూర్చుని, స్క్రూ పంటితో పట్టుకుని.

నెలకో శనివారం. మైదానంలో ఎప్పుడూ ఈ మూలే. అవతలి వీధి దీపం సూటిగా కళ్లలో కొడుతుంది. దానికి అడ్డంగా గోల్‌పోస్టుకు ఒక పాత దుప్పటి కడుతుంది.

పగలు కళ్లద్దాల షాపులో పని. కింది అక్షరాలు చదవండి. ఇప్పుడు బాగుందా, ఇందాకే బాగుందా? రోజంతా ఇతరుల కళ్లు. రోజంతా అవే ప్రశ్నలు. సాయంత్రం గది తాళం తీస్తే మాత్రం... ఏ ప్రశ్నా ఉండదు. ఇంత ఆలస్యమైందేం అని అడిగే దిక్కు లేదు. ఒక కంచం, ఒక గ్లాసు. కడిగి బోర్లిస్తే ఇంటిపని అయిపోయినట్టే.

శనివారం మాత్రం జనం ఉంటారు.

టెలిస్కోపు బిగించి వచ్చి, ముందు లైబ్రరీ హాల్లో కాసేపు మాట్లాడుతుంది. తెర మీద బొమ్మలు చూపిస్తుంది. మైకు ఉంటే అది గరగరలాడుతుంది, లేకపోతే ఆమె గొంతు చించుకుంటుంది. ఆ తర్వాత అందరినీ వెంటబెట్టుకుని మైదానంలోకి నడుస్తుంది. ఎవరు మొదలుపెట్టారో గానీ, చుక్కలక్క అన్న పేరు ఖాయమైపోయింది. పిల్లలకు చుక్కలక్క. వాళ్ల తాతలకూ చుక్కలక్కే.

ఊరందరికీ అక్క.

తనకూ ఒక అక్క ఉంది. ఉండీ లేదు.

ఆ సాయంత్రం శనిని చూపిస్తానని చెప్పింది. జనం బాగానే వచ్చారు. అందరితోనూ అవే మాటలు — ఎడమ కన్ను మూసుకోండి, గొట్టం పట్టుకోకండి, అద్దం మీద ఊపిరి వదలకండి. వంగుతారు. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత...

అబ్బ.

ఆ ఒక్క మాట కోసం నెలంతా నెట్టుకొస్తుంది ఆమె. ఎవరి నోట వచ్చినా సరే.

"ముందేమైనా స్టిక్కరంటించారా?" అన్నాడొక బస్సు డ్రైవరు, గొట్టం అవతలికి వెళ్లి తొంగిచూసి మరీ.

"అంటిద్దామనే అనుకున్నానండీ. నిచ్చెన అందలేదు."

నవ్వులు. చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడొక పెద్దాయన. "శనిని కోరి కోరి చూడటమేంటమ్మా?"

"మనం చూస్తే ఏం కాదు బాబాయ్. ఆయన మనవైపు చూడకుండా ఉంటే చాలు."

మళ్లీ నవ్వులు. చీకట్లో నవ్వులకు ముఖాలుండవు. అదే ఆమెకు హాయి. అదే దిగులు. వస్తారు, చూస్తారు, అబ్బ అంటారు... వెళ్లిపోతారు. అంత దూరాన ఉన్న గ్రహాన్ని చూస్తారు. పక్కన నిలబడ్డ మనిషి ముఖం మాత్రం ఎవరికీ తెలియదు.

గ్రహం నిలవదు. ఇద్దరు ముగ్గురు చూసేసరికి అంచుకు జారిపోతుంది. జారేది నిజానికి మన భూమి. ఆమె నాబ్ తిప్పి శనిని మళ్లీ మధ్యలోకి తెచ్చింది.

"తర్వాతి వాళ్లు రండి."

తర్వాతి మనిషి గొంతు సవరించుకుంది.

అంతే. చిన్న చప్పుడు. ఒకసారి... కాస్త ఆగి మరొకసారి.

ఆమె చేయి నాబ్ మీదే ఉండిపోయింది.

ఆ చప్పుడు వింటూ పెరిగింది ఆమె. అమ్మ పోయాక జడలు వేసింది అక్క. పాఠాలు అప్పజెప్పించుకుంది అక్క. ఏదైనా గట్టిగా చెప్పబోయే ముందు అక్క అలాగే గొంతు సవరించుకునేది.

చివరిసారి విన్నది అక్క వంటింట్లో. అక్క తన మరిదికి చెల్లెలినిస్తానని అత్తవారింట్లో అందరికీ మాటిచ్చేసింది. చెల్లెలు వద్దంది. అతను మంచివాడే, ఆమెకూ తెలుసు. అయినా వద్దంది. ఎందుకు వద్దో చెప్పమంటే చెప్పడానికేమీ లేదు — తన సాయంత్రాలు తనకు కావాలి, అంతే. అదీ ఒక కారణమేనా?

అక్క గొంతు సవరించుకుంది. "ఈ ఇంట్లో నేనిక తలెత్తుకోవాలా, వద్దా? నా పాలిట శనివే నువ్వు."

ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. చెల్లెలు చేసింది, చేసింది... మానేసింది. ఒకే ఊరు. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. ఏళ్లు గడిచాయి. కోరుకున్న సాయంత్రాలు కోరుకున్నట్టే దొరికాయి.

ఇంత పొడుగ్గా ఉంటాయని అప్పుడు తెలియదు.

ఇప్పుడు అక్క. చేయి చాపితే అందేంత దగ్గర. తల మీదుగా శాలువా. పక్కన ఎవరూ లేరు. చీకటికి అలవాటైన కళ్లు చెదరకుండా ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగు చెప్పుల దాకానే పడుతోంది.

తెలిసే వచ్చిందా? ఎవరో చుక్కలక్క అనుకుని వచ్చి... గొంతు విని కూడా ఉండిపోయిందా?

పిలుపు నోటిదాకా వచ్చింది. నోట్లోనే ఆగింది. నువ్వు అనాలా? మీరు అనాలా?

"ఎడమ కన్ను... మూసుకోండి."

అందరికీ చెప్పినట్టే చెప్పింది.

అక్క వంగింది. "ఏమీ కనబడట్లేదు."

"ఇంకాస్త దగ్గరగా."

"అంతా నల్లగానే ఉంది."

తల పక్కకు ఒరిగి ఉంది. చాలామందికి అలాగే అవుతుంది. చాలామందికి చేసేదే ఆమె చేసింది — గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి, ముఖాన్ని కొద్దిగా ఇటు తిప్పింది.

గడ్డం ఎముక తేలింది. చర్మం వదులైంది.

వేళ్లు తీసేయాలి. తీయలేదు.

అక్క ఊపిరి బిగబట్టింది. అబ్బ అనలేదు. వెనక ఎవరో దగ్గారు. ఇంకెంతసేపు అని ఒక పాప గొణిగింది. అక్క వంగే ఉంది. ఒక చేత్తో నడుము పట్టుకుని, వంగే ఉంది.

"ఇంత బావుంటాడటే... శని?"

ఆ ‘అటే’.

ఎన్నాళ్లయింది, ఆమెను ఎవరైనా అలా అని! అందరూ అక్కా అనేవాళ్లే. అందరూ మేడమ్ అనేవాళ్లే. ఏమే, ఏంటే, రావే అనే మనిషి ఒక్కతే ఉండేది ఈ లోకంలో.

ఏదో ఒకటి అనాలి. కళ్లు మసకబారాయి. "ఆ రింగులు... మంచు ముక్కలు, రాళ్లు," అంది. హాల్లో చెప్పిన పాఠమే. నోటికి అదే వచ్చింది.

"విన్నాను," అంది అక్క.

నిటారుగా నిలబడింది. శాలువా సర్దుకుంది. మళ్లీ గొంతు సవరించుకుంది. చెల్లెలు కాచుకుని ఉంది... అంతలో వెనక మనిషి ముందుకు జరిగాడు. అక్క తప్పుకుని దారిచ్చింది. చీకట్లో కలిసిపోయింది.

ఆమె గేటువైపు చూసింది. అక్కడి బల్బు కింద ఎవరెవరో దాటుతున్నారు. శాలువా లేదు.

"అక్కా, నాకు మసగ్గా ఉంది," అంటోంది ఒక కాలేజీ అమ్మాయి.

"ఉండమ్మా." ఆమె నాబ్ తిప్పింది. "ఇప్పుడు?"

"ఆ... అబ్బ!"

అప్పుడు తలెత్తింది. వరుస చిట్టచివర ఒక శాలువా నిలబడి ఉంది.

మొదటినుంచీ మళ్లీ.

చూసినవాళ్లు ఇంకోసారి చూద్దామని నిలబడటం మామూలే. శని కోసం నిలబడిందా... చెప్పలేని మాట కోసం నిలబడిందా... ఇంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది?

మధ్యలో చాలామంది ఉన్నారు. పడమట చెట్ల మీదుగా మబ్బు లేస్తోంది. కింది చుక్కలు ఇప్పటికే లేవు. పైన శని — ఇంకా ఉన్నాడు.

ఎవరినీ తొందరపెట్టే అలవాటు ఆమెకు లేదు. ఆ సాయంత్రం పెట్టింది.

"రండి... చూసేయండి... తర్వాతి వాళ్లు..."

అబ్బ.

"తర్వాతి వాళ్లు..."

వరుస కదులుతోంది. మబ్బు కూడా.