తేయాకు మొక్కకు ఉప్పు

దాలయ్యకు ఆరేళ్లుగా ఒక అనుమానం ఉంది. బొడ్డమ్మ తేయాకు మొక్క తుపానుకు చచ్చిందా, తాను వేసిన ఉప్పుకు చచ్చిందా?

ఈ సంగతి అతను మనుషులెవరితోనూ అనలేదు. దేవుడితో మాత్రం అన్నాడు. ఏటా కార్తీకంలో ఒక సోమవారం ఉపవాసం ఉండి, టెక్కలి దాకా బస్సులో వెళ్లి, అక్కణ్ణించి రావివలస నడిచి, ఎండల మల్లికార్జునుడి ముందు నిలబడి అడిగేవాడు. నెత్తిన కప్పు కూడా వద్దని ఎండలో కూర్చున్న స్వామి దగ్గర దాపరికం ఏముంటుందని అతని నమ్మకం. స్వామి ఏమీ చెప్పలేదు. ఒక ఏడు పూజారిని అడిగాడు, ఎవరో వేరేవాళ్ల సంగతి అన్నట్టుగా. ఆయన, తులసి గురించైతే చెప్పగలను గానీ తేయాకు గురించి పెద్దలు ఏమీ రాసిపెట్టలేదు నాయనా అన్నాడు.

బొడ్డమ్మ దాలయ్యకు వరసకు అత్త. ఇల్లు మూడిళ్ల అవతల. చిన్నపిల్లగా ఉన్నప్పుడే తల్లిదండ్రులతో అస్సాం తేయాకు తోటలకు వెళ్లి, నలభై ఏళ్లు అక్కడ ఆకు కోసి, భర్త పోయాక కూతుర్ని వెంటబెట్టుకుని బారువ దగ్గర ఉన్న ఈ ఊరికి తిరిగి వచ్చింది. వస్తూ తడిగుడ్డలో నాలుగు గింజలు మూటగట్టుకొచ్చింది. ఒకటే మొలిచింది. కొబ్బరీ జీడీ తప్ప ఇంకోటి ఎరగని ఉద్దానంలో, ఆమె పెరట్లో జీడిచెట్టు నీడన, నడుమెత్తున ఒక తేయాకు మొక్క. అంతకన్నా ఎదగనిచ్చేది కాదు. ఏడాదికోసారి కత్తి పెట్టి నెత్తి చదునుగా కోసేసేది.

“వొదిలేత్తే సెట్టయిపోతాది. అప్పుడు నిచ్చెనేసుకుని కొయ్యాల,” అనేది.

ఆ మొక్కను చూసి ఊరు మొదట నవ్వింది, తరవాత దాని కోసం వరస కట్టింది. కడుపు జారుడైనవాళ్లకు ముదురాకు మరగబెట్టి, పాలూ పంచదారా లేకుండా, చిటికెడు ఉప్పు వేసి ఇచ్చేది. తలనొప్పికి లేతాకు. కళ్లు ఎర్రబడితే ఉడికిన ఆకు చల్లార్చి గుడ్డలో పెట్టి కళ్ల మీద వేసేది. వానాకాలం బురదలో తిరిగి కాలివేళ్లు ఒరిసిపోయినవాళ్లు ఆ కషాయంలో పాదాలు ముంచుకుని ఆమె అరుగు మీద కూర్చునేవాళ్లు. కొందరికి తగ్గేది. తగ్గనివాళ్లను సోంపేట డాక్టరు దగ్గరకు పొమ్మనేది.

తొంభైతొమ్మిది దసరా ముందు నిమ్మాడలో అత్తారింట్లో ఉన్న కూతురికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. నెలరోజులు అక్కడే ఉండాలి. మొక్కను దాలయ్యకు అప్పజెప్పింది.

“సూడు అల్లుడా, ఎక్కువేటీ సెయ్యకు. మొదట్లో నీరు నిలవనీకు. మేకని రానీకు. అంతే.”

“అంతేనేటత్తా! నీ సొంత బిడ్డలా సూత్తాను.”

“బిడ్డలా వొద్దు. మొక్కలా సూడు సాలు.”

ఇచ్చిన మాట దగ్గరే దాలయ్య తప్పు మొదలైంది. వానలు తగ్గుముఖం పట్టిన ఆ రోజుల్లోనే ఉద్దానంలో రైతులు కొబ్బరి మొదళ్లలో ఉప్పు వేస్తారు. అతను నౌపడ ఉప్పు బస్తా విప్పి తన ముప్పై చెట్లకూ వేశాడు. అడుగున కాస్త మిగిలింది. సొంత బిడ్డలా చూస్తానన్న మాట గుర్తొచ్చింది. అదీగాక బొడ్డమ్మ ఆ కషాయంలో ఉప్పు వేసే తాగుతుంది. నోట్లో పనికొచ్చింది మొదట్లో పనికిరాదా అనుకున్నాడు. పాదు తవ్వి, రెండు దోసిళ్లు వేసి, నీళ్లు పోసి, దణ్ణం పెట్టుకుని వచ్చాడు.

తొమ్మిదోనాటికి ఆకుల అంచులు మాడినట్టయ్యాయి. ఎండకేమో అనుకున్నాడు. పదోనాడు తుపాను వచ్చింది. ఊళ్లో సగం కొబ్బరిచెట్లు నేలకొరిగాయి, దాలయ్యవి పదకొండు పోయాయి. సముద్రపు గాలికి మిగిలిన పచ్చదనమంతా వారంలో మాడిపోయింది. బొడ్డమ్మ వచ్చేసరికి తేయాకు మొక్క కట్టెపుల్లల కట్టలా నిలబడి ఉంది.

“తుపానత్తా,” అన్నాడు దాలయ్య.

బొడ్డమ్మ మొక్క చుట్టూ ఒకసారి తిరిగింది. ఒక కొమ్మ విరిచి చూసింది. లోపల పచ్చి లేదు. ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి బొడ్డమ్మ టీ మానేసింది. పెళ్లిళ్లలో ఇచ్చినా పుచ్చుకోదు, చావింట్లో ఇచ్చినా పుచ్చుకోదు. నలభై ఏళ్లు ఆకు కోసిన మనిషికి కొట్టు పొడి నచ్చడం లేదని, పొగరని ఊళ్లో అనుకున్నారు. కషాయాల కోసం ఎవరూ రావడం లేదు. మనిషి చిక్కిపోయింది. ఎదురుపడినప్పుడల్లా దాలయ్య అరటిగెలో, నాలుగు కొబ్బరికాయలో ఆమె చేతిలో పెట్టేవాడు. ఆమె తీసుకునేది. అతని అనుమానం మాత్రం అలాగే ఉండేది.

రెండువేల మూడు చివర్లో దాలయ్య తమ్ముడి కొడుకు నిరంజన్ సెలవు మీద వచ్చాడు. మిలటరీలో పని, అస్సాంలో డ్యూటీ. పలాసలో రైలు దిగేసరికి అతని చేతిలో బొగ్గుపొడి కలిపిన తడిగుడ్డ మూట ఉంది. దాలయ్య ఉత్తరం రాసి అడిగితే తెచ్చాడు. ముప్పై తేయాకు గింజలు.

“పెదనాన్నా, అక్కడ నా ఆఫీసరు ఎందికని అడిగినాడు. నాకూ తెలీదని సెప్పినాను,” అన్నాడు నిరంజన్.

“మంచి పని సేసినావు. నాకూ తెలీదు.”

గింజల్ని బకెట్లో వేస్తే పదిహేడు తేలాయి. తేలినవి పనికిరావు. మునిగిన పదమూడూ తడి గోనె కింద పెడితే తొమ్మిది పగిలాయి. అయిదు మొలిచాయి. ఒకటి కుళ్లింది. ఒకదాన్ని మేక రుచి చూసి బాగులేదని వదిలేసింది గానీ, ఆ మొక్క మేకను తట్టుకోలేదు. మూడు మిగిలాయి. పెరటి వెనక జీడిచెట్ల కింద, ఎవరి కంటా పడకుండా, రెండేళ్లు పెంచాడు. ఉప్పు పెట్టిన చేత్తో వాటిని తాకలేదు.

పెంచడం అయింది. ఇవ్వడమే తేలలేదు. మొక్కను చంపింది తుపానే అయితే ఇది దానం. ఉప్పే అయితే ఇది బాకీ. దానమని చెప్పి బాకీ తీరిస్తే పైన ఏ పద్దులో రాస్తారు? లేని పుణ్యం కొట్టేసినట్టు కాదా? రెండువేల అయిదు కార్తీకంలో ఇదే మాట మల్లికార్జునుణ్ణి అడిగాడు. స్వామి మామూలుగానే ఊరుకున్నాడు. తిరుగుబస్సులో దాలయ్యకు, ఇంత చిన్న సంగతి తను తేల్చుకోగలిగీ స్వామిని విసిగిస్తున్నానేమో అనిపించింది.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, మూడు మొక్కల్లో ఒకదాని మొదట్లో ఉప్పు వేశాడు. అప్పుడు పెద్దమొక్కకు రెండు దోసిళ్లు కాబట్టి, జానెడు మొక్కకు రెండు చెంచాలు.

పెరట్లోకి వచ్చిన భార్య పైడమ్మ చూసింది.

“ఏటి సేత్తన్నావు?”

“ఉప్పేత్తన్నాను.”

“రెండేళ్లు సంటిబిడ్డలా పెంచి ఇప్పుడు సంపుతున్నావా? నీకేటైనా గాలి సోకిందేటి?”

“సత్తాదో లేదో సూడాల.”

“సత్తే?”

“బాకీ.”

“సావకపోతే?”

“దానం.”

పైడమ్మ “మా అయ్య ఈ సమ్మందం కాయం సేసినప్పుడు నాను ఊళ్లో లేను,” అని లోపలికి వెళ్లిపోయింది.

దాలయ్య రోజూ వెళ్లి చూశాడు. ఆకాశంలో మబ్బు లేదు. గాలి లేదు. ఎనిమిదోనాడు ఆకుల అంచులు మాడాయి. సరిగ్గా అలాగే, బయటనుంచి లోపలికి, గోధుమరంగు గీతలా. పక్కనున్న రెండు మొక్కలూ పచ్చగా ఉన్నాయి. పదిహేనోనాటికి మూడోది పుల్ల అయింది.

ఆ పుల్లనూ, బతికిన రెండు మొక్కల్నీ మట్టి ముద్దతో సహా తట్టలో పెట్టుకుని బొడ్డమ్మ ఇంటికి వెళ్లాడు. వద్దన్నా వినకుండా పైడమ్మ కూడా వచ్చింది. బొడ్డమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. తట్ట చూసింది. చేతిలో గింజ కింద పడిపోయింది.

“ఇదెక్కడిదిరా?”

“సెప్తానత్తా. ముందు ఇది విను. నీ మొక్క తుపానుకి పోలేదు. నాను ఉప్పేసినాను. కొబ్బరికేసినట్టు. రెండు దోసిళ్లు.” పుల్ల తీసి చూపించాడు. “దీనికీ ఏసి సూసినాను. ఇలాగే పోనాది.”

బొడ్డమ్మ ఆ పుల్ల అందుకుని విరిచి చూసింది. తరవాత మెల్లగా అడిగింది.

“ఉప్పా?”

“ఉప్పే.”

“నాను దూసీడం వల్ల కాదేటి?”

దాలయ్యకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. నిమ్మాడ వెళ్లే ముందు రోజు, కూతురికి తలనొప్పి ఎక్కువని విని, లేతా ముదురూ చూడకుండా మొక్కను సగానికి సగం దూసి పట్టుకుపోయింది. రెండాకులూ ఒక మొగ్గా తప్ప తెంపకూడదని తోటలో నలభై ఏళ్లు పాటించిన మనిషి. తుపాను అంటే నమ్మలేదు. నడుమెత్తు మొక్కను తుపాను ఏం చేస్తుంది? ఆశపడి దూసిన పాపమే మొక్కను తిన్నదనుకుంది. ఇక ఆ ఆకు నోట పెట్టనని ఒట్టు పెట్టుకుంది.

“ఆరేళ్లురా సచ్చినోడా!” బొడ్డమ్మ లేచి నిలబడింది. “ఆరేళ్లు పొద్దున్నే లేచి వేన్నీళ్లు తాగినాను! కడుపు జారుడైనప్పుడు కూడా తాగనేదు! పక్కింట్లో టీ మరుగుతాంటే ముక్కు మూసుకున్నాను! నువ్వేమో అరటిగెలలిచ్చి పోయేవోడివి!”

“తప్పేనత్తా.”

“తప్పుకి గెలేటిరా? నోరు లేదా?”

తిట్టడం అయ్యేదాకా దాలయ్య తలవంచుకుని నిలబడ్డాడు. చాలాసేపే పట్టింది. మధ్యలో ఒకటి రెండు అస్సాం తిట్లు కూడా పడ్డాయి. వాటి అర్థం అతను అడగలేదు. చివరికి ఆమె ఆయాసపడి కూర్చుని, “పైడీ, మీ ఇంట్లో టీపొడుందేటి?” అంది.

పైడమ్మ పరిగెత్తి వెళ్లి పెద్ద గ్లాసు నిండా పట్టుకొచ్చింది. బొడ్డమ్మ రెండు చేతులా పట్టుకుని, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుంది.

“ఇది ఆకు కాదు, తోటలో సీపురుతో తుడిసింది,” అంది. గ్లాసు మాత్రం ఖాళీ చేసే కింద పెట్టింది.

తరవాత పాత పాదు చూపించలేదు. కాస్త ఎత్తుగా ఉన్న చోట, జీడిచెట్టుకు అవతలి పక్కన, కొత్తగా తవ్వమంది. దాలయ్య తవ్వాడు. ఆమె అతని చేతులు కడిగించి, పంచె దోపు విప్పించి, ఎక్కడా ఉప్పు లేదని చూసుకుని, ఒక మొక్కను తన చేత్తోనే నాటింది. మట్టి అదిమి లేచింది. రెండో మొక్కను తట్టలో పెట్టి దాలయ్య వైపు తోసింది.

“ఇది కూడా నీదే అత్తా. ఆరేళ్ల వడ్డీ అనుకో.”

“నాను వడ్డీకిచ్చినానేటి? కాపలాకిచ్చినాను. ఒకటిచ్చినాను, ఒకటొచ్చింది. అట్టుకుపో.”

దాలయ్య తట్ట ఎత్తుకున్నాడు.