కుడిచేతి కసరత్తు

నరసింగరావుకి ఒంటి చెమటన్నా, చీమూ నెత్తురన్నా రోత లేదు. విజయనగరం తాలింఖానాలో, కుస్తీ గోదా మట్టిలో పొర్లి పెరిగిన మనిషి. నరసన్నపేట హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా కుదురుకున్నాక, ఊళ్ళో ఎవరికి నడుం పట్టేసినా, ఎవరి మోకాలు మొరాయించినా కబురు ఆయనకే వచ్చేది. అందరిచేతా ఒకేలా దండీలూ బస్కీలూ తీయించే రకం కాదు. "ముందు ఇది సెప్పు. నీ ఒంటితో నువ్వు ఏటి పని సెయ్యాలనుకుంతన్నావు?" అని అడిగేవాడు. కావడి మోయాలన్నవాడికి ఒక కసరత్తు, పొద్దస్తమానం కొట్లో కూర్చునేవాడికి ఇంకొకటి. కొంచెం కొంచెంగా పెంచుతూ, అలిసిన కండకి విశ్రాంతినిస్తూ, మనిషిని బట్టి మార్చుకుంటూ పోయేవాడు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, కోతలు మొదలయ్యే రోజుల్లో సోమునాయుడు ఆయన్ని పిలిపించాడు. సోమునాయుడి తండ్రి జగన్నాధం నాయుడు ఆ చుట్టుపక్కల పేరున్న రైతు. పక్షవాతమొచ్చి కుడిచెయ్యీ, కుడికాలూ పడిపోయాయి. మాట ముద్దయిపోయింది.

తెల్లటి గ్లాస్కో పంచె కట్టుకుని, పౌడరు వాసనతో సోమునాయుడు ఎదురొచ్చాడు. ముసలాయన్ని మాత్రం పశువులశాల పక్క గదిలో పడేశారు. నులక మంచం మీద కంపుకొట్టే దుప్పటి. వీపు మీద పుండ్లు. నరసింగరావు ముక్కు మూసుకోలేదు. ముసలాయన పనులు చూసే గురమ్మ చేత వేణ్ణీళ్ళు తెప్పించి తనే ఒళ్ళు తుడిచాడు.

"నాయుడుగారూ, మీకు ఏటి సెయ్యాలనుంది?" అని అడిగాడు.

ముసలాయన ఎడమచెయ్యి ఎత్తి కిటికీలోంచి చూపించాడు. "కా... కా..." అన్నాడు.

"కాలవ కాడ మడి బాబూ," అంది గురమ్మ. "దినామూ ఎల్లి సూసొచ్చీవోరు. అక్కడికెల్లాలంతన్నారు."

సరే, కాలవ గట్టు దాకా నడవాలి. నరసింగరావు దానికి తగ్గట్టే ఆలోచించాడు. ముందు ఒత్తిగిలడం, ఆసరా లేకుండా కూర్చోవడం. నులక మంచం మీంచి లేవలేడు కాబట్టి ఎత్తు బల్ల వేయాలి. బల్ల మీంచి లేచి నిలబడడం, పడిపోయిన కాలు మీద కొంచెం కొంచెంగా బరువు వేయడం. నడుం నిలిచాక తొడ, తొడ కుదిరాక అడుగు. చెయ్యి సంగతి ఆ వెనక. నడవడానికి పట్టుకోమని పెరట్లో రెండు వెదుళ్ళు అడ్డంగా కట్టాడు. ముసలాయన మొండివాడు. మొదటిసారి తనంతట తాను నిలబడినప్పుడు కన్నీళ్ళు కారుతున్నా కూర్చోబెట్టబోతే ఒప్పుకోలేదు.

సోమునాయుడు వచ్చి చూసి మొహం చిట్లించాడు.

"కాళ్ళకేటి మాస్టారూ తొందర? ముందు కుడిసెయ్యి సూడండి."

"నడుం నిలబడకుండా సెయ్యి ఎలాగ కుదురుతాది నాయుడూ?"

"అది మాకొగ్గీండి. మోటారు అప్పుకి అరిజీ పెట్టినాం. నూతికి కరెంటు మోటారు ఎయ్యాల. అయ్య సంతకం లేకపోతే ఇవ్వరట."

"ఏలిముద్ర సాల్దా?"

"సదువుకున్నోడు ఏలిముద్ర ఎయ్యడమేటని అడుగుతారు గదా."

నరసింగరావుకి అది సబబే అనిపించింది. చెయ్యి బాగుపడితే ముసలాయన తన అన్నం తనే కలుపుకుంటాడు కదా అని కూడా అనుకున్నాడు. వరస మార్చాడు. తడిగుడ్డ పిండించాడు. పళ్ళెంలో చింతపిక్కలు పోసి ఒక్కొక్కటే ఏరించాడు. తాడు ముడి వేయించి విప్పించాడు. వేళ్ళు బిగుసుకుపోతే నూనె రాసి సాగదీశాడు. పలక తెచ్చి ముందు గీతలు, తర్వాత సున్నాలు, ఆ తర్వాత అక్షరాలు దిద్దించాడు. నిలబడడం మానిపించొద్దని గురమ్మకి చెప్పేవాడు గానీ, ఆ వేళకి సోమునాయుడు ఆమెకి వేరే పని పురమాయించేవాడు.

సంకురాత్రి వెళ్ళాక ఒక ఉదయం హాల్లో కుర్చీలు వేశారు. ఆఫీసు నుంచి ఒక అధికారి, కాగితాలు రాసే రైటరు వచ్చారు. ముసలాయనకి స్నానం చేయించి ఇస్త్రీ చొక్కా తొడిగారు. రైటరు కాగితాలు గబగబా గొణిగినట్టు చదివేశాడు. "మోటారు కాయితం అయ్యా," అన్నాడు సోమునాయుడు తండ్రి చెవిలో. వణుకుతున్న వేళ్ళతో కలం పట్టుకుని ముసలాయన తన పేరు పూర్తిగా రాశాడు. రాసి, అధికారినీ చూడలేదు, కొడుకునీ చూడలేదు. నరసింగరావు వైపు తిరిగాడు. సగం మొహమే నవ్వింది.

"శభాష్ నాయుడుగారూ!" అన్నాడు నరసింగరావు. చప్పట్లు కూడా కొట్టాడు.

మర్నాడు వెళ్ళేసరికి పెరట్లో వెదుళ్ళు లేవు. వాటితో పాదుకి పందిరి వేస్తున్నారు. ఎత్తు బల్ల వసారాలోకొచ్చింది. దాని మీద సోమునాయుడు కాళ్ళు బారజాపుకుని పెసరట్టు తింటున్నాడు.

"ఇంక అయ్యకి కసరత్తు అక్కర్లేదు మాస్టారూ," అన్నాడు.

"అదేటి? ఇంకా నడవలేదు గదా!"

"నడిసి ఏటి సేస్తాడు? నడిస్తే రిజిస్టారాఫీసుకే ఎల్తాడు." నోట్లో అట్టు పెట్టుకునే నవ్వాడు.

మజ్జిగ తెచ్చిన గురమ్మ గ్లాసు ఠంగున పెట్టింది. "కాలవ కాడ మడి కూతురు నీలవేణమ్మకిస్తానని ఊరంతటికీ సెప్పినారు పెద్దాయన. అదీ ఇదీ మొత్తం తన పేరున రాయించీసుకున్నాడు బాబూ. నిన్నొచ్చినాయన రిజిస్టారే. మోటారూ లేదు, గీటారూ లేదు."

"నువ్వు లోపలికి పోవే!" అని కసిరాడు సోమునాయుడు. సిగ్గుపడలేదు. చెయ్యి పంచెకి తుడుచుకుని, నెయ్యి జిడ్డు వదలకుండానే నరసింగరావు మణికట్టు పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు. "అదొగ్గీండి. ఇది తగ్గడానికి ఏదైనా సెప్పండి మాస్టారూ. ఈపాలి పంచాయితీ సమితి ఎలచ్చన్లో నిలబడదామనుకుంతన్నాను."

మెత్తగా, వెచ్చగా తగిలింది ఆ పొట్ట. నరసింగరావు చెయ్యి లాక్కున్నాడు. "నీకు సెప్పడానికి నా దగ్గర కసరత్తు లేదు," అని బయటికొచ్చి, నూతి దగ్గర సబ్బుతో చెయ్యి కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. ఆ ముసలాడి వేళ్ళు ఒక్కొక్కటే సాగదీసింది ఈ చేతులే. ఎవడి కోసం సాగదీసినట్టు?

ఆ ఆదివారం బస్సెక్కి కళింగపట్నం వెళ్ళాడు. ముసలాయన కూతురు నీలవేణిని అక్కడే ఇచ్చారు. ఇసక నేలలో వేరుశనగ వేసుకుని బతికే సంసారం. అంతా విని ఆమె ఏడవలేదు.

"నువ్వే గదా మాస్టారూ ఆ సెయ్యి బాగుసేసినావు!" అంది.

"నానే అమ్మా."

"బాగుసేసీటప్పుడు ఒక్కపాలి నన్ను అడిగినావా? కాళ్ళు ఒగ్గీసి సెయ్యే అంతంటే, ఆ మోటారు మాట నిజమేనా అని ఎవరినన్నా అడిగినావా?"

తండ్రిని తెచ్చుకోడానికి ఆమె మొగుడికి బండి కట్టమని చెప్పింది.

అడ్డుకుంటాడనుకుంటే సోమునాయుడు బండిలో గడ్డి కూడా వేయించాడు. "తీసుకెల్లే తల్లీ, నీ పున్నెం. రోజూ ఆ కంపు భరించలేక సస్తన్నాం," అన్నాడు గుమ్మంలో నిలబడి, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని.

ముసలాయనకి ఏమీ తెలియదు. కూతురింటికి వెళ్తున్నానని సంబరపడుతున్నాడు. బండి ఊరు దాటాక నీలవేణి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని చెప్పేసింది. దాచడం ఆమెకి చేతకాదు. పక్కన కూర్చున్న నరసింగరావు ఎటో చూస్తున్నాడు. ముసలాయన పెదవులు కూడదీసుకుని, జబ్బు పడ్డాక మొదటిసారి, ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకుండా ఒక్క మాట అన్నాడు.

"ఛీ."

ఆ మాట కొడుకునన్నాడో, తననే అన్నాడో నరసింగరావు అడగలేదు. రెండూ న్యాయమే అనుకున్నాడు.

శ్రీకాకుళంలో ప్లీడరు కాగితం నకలు చూసి పెదవి విరిచాడు. సంతకం నిక్షేపంలా ఉంది, అధికారి ఎదుట పెట్టింది, కోర్టుకెక్కినా ఏళ్ళు పడుతుందన్నాడు. నీలవేణి అయినా దావా వేసింది.

నరసింగరావు ప్రతి ఆదివారమూ వెళ్ళేవాడు. ఈసారి వరస తప్పలేదు. ముందు నడుం, తర్వాత తొడ, తర్వాత అడుగు. ఇసకలో కాలు కూరుకుపోతుందని ముందు కళ్ళంలోనే నడిపించాడు. తొలకరి పడేనాటికి ముసలాయన కర్ర పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ, అల్లుడి చేను గట్టు దాకా వెళ్ళగలిగాడు. మధ్యలో రెండుసార్లు పడ్డాడు. లేవదీయబోతే తిట్టాడు.