సముద్రం మొదట కనిపించే చోటు

రరోటొంగా ద్వీపంలో ఒక కొండదారి మొదట్లో పాతే పలక మీద ఏముండాలో దారుల సంఘం తేల్చేసింది: 'ఈ దారిని నారింజతోటల యజమాని హార్‌గ్రీవ్ వేయించాడు.' శుక్రవారం పలక పాతుతారు. బుధవారం ఉదయం తెరెయాపి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు మడిచింది. ఆమెకు డెబ్బై ఒక్కేళ్లు. అందులో నలభై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పింది. హార్‌గ్రీవ్ చేసిందల్లా అప్పటికే ఉన్న దారిలో గుర్రాన్ని నడిపించడం. దాన్ని నిర్మాణమంటే వానలో తడిసినవాణ్ణి మేఘకర్త అనాలి.

సాక్ష్యం ఆమె దగ్గర పాట రూపంలో ఉంది. పూర్వులు దారి పొడవునా నిలిపిన ఐదు రాతి ఆసనాలను ఆమె వంశం తరతరాలుగా ఒక్కోదానికి ఒక చరణంగా వరుసగా పాడుకుంటోంది. 'ఎడమ చేతికి వాగు. సముద్రం మొదట కనిపించే చోట నడుము వాల్చు' అన్నది తొలి చరణం. కాని ఒక్క ఆసనమూ ఎవరికీ దొరకలేదు. దారి మొదలయ్యే తీరంలోని చర్చి గుమ్మం నుంచి బయలుదేరితే వాగు కుడిచేతికి ఉంటుంది; సముద్రం గుమ్మం ముందే ఉంటుంది. తుఫానుకు వాగు దారి మళ్లిందని ఆమె తండ్రి, పాటకు అంత అర్థం వెతకకూడదని మేనమామ సరిపెట్టుకున్నారు.

సంఘం అధ్యక్షుడు తమరూవా ఆమె చెల్లెలి కొడుకే. ఒక్క రాయి చూపించినా పలక మారుస్తానని మాటిచ్చి, పొదలు నరికే కత్తి పట్టుకుని వెంట నడిచాడు. మూడు గంటలు వెతికి శిఖరం కింద ఉన్న పాత పూజావేదిక చేరేసరికి వాళ్లకు దొరికింది ఒక విరిగిన సీసా, ఎవరిదో ఒంటి చెప్పు.

"పెద్దమ్మా, ఈ చెప్పు కూడా పూర్వులదేనా?"

"తెలీదురా. కానీ దీన్ని వాడారు, నీ బుర్రలా కాదు."

తిరుగుదారి పట్టారు. నలభై అడుగులు దిగారో లేదో ఆమె ఆగిపోయింది. వాగు ఎడమ చేతికి ఉంది.

ఏదైనా చర్చి గుమ్మం దగ్గరే మొదలుపెట్టడం ఆ ఊరివాళ్లకు ఊపిరి తీసినంత సహజం: పెళ్లి, చావు, చివరికి తగాదా కూడా. కాని పాట కట్టిననాటికి చర్చి లేదు. మిషనరీలు వచ్చి జనాన్ని తీరానికి దింపకముందు ఇళ్లన్నీ లోయ పైభాగాన, ఆ వేదిక చుట్టూనే ఉండేవి. ఊరు కిందికి దిగితే పాట మొదలు కూడా దానితోపాటు దిగిందని వంశమంతా నమ్మింది. చరిత్ర పాఠాలు చెప్పిన తానూ నమ్మింది. ఆ కోపాన్నంతా కాళ్లలోకి దించి, ఆమె వేదిక దగ్గరికి మళ్లీ ఎక్కింది.

ఈసారి పాడుతూ దిగింది. రెండో మలుపులో కొమ్మల సందున సన్నని నీలిగీత తగిలింది.

"ఇక్కడ నరుకు."

నాలుగో వేటుకు కత్తి ఖణేలుమంది. నాచు గీకితే నల్లరాయి బయటపడింది. వీపు ఆనడానికి నిలువు పలక, కూర్చుని కూర్చుని నున్నగా గుంటపడ్డ పీట. తమరూవా ఆ తర్వాత ఆటపట్టించలేదు. పాట చెప్పిన చోటల్లా నరుక్కుంటూ వచ్చాడు. మధ్యాహ్నం దాటేసరికి నాలుగు ఆసనాలు వెలుగు చూశాయి. ఐదోది దొరకలేదు. దొరకలేదనే పలక మీద రాయమంది ఆమె. ఊహించి రాసే పని హార్‌గ్రీవ్ అభిమానులకు వదిలేసింది.

"సరే, పలక రేపటికల్లా మార్పిస్తాను. పాతేది చర్చి దగ్గరేగా?"

"దారి ఎక్కడ మొదలైతే అక్కడ."

"అంత బరువు కొండ మీదికి ఎవరు మోస్తారు పెద్దమ్మా?"

"సంఘానికి అధ్యక్షుడున్నాడు కదా."

శుక్రవారం ఉదయం తమరూవా పలకను భుజాన వేసుకుని ఎక్కాడు. వెనకాల ఊరంతా ఎక్కింది. వేదిక దగ్గర పలక నిలిపాక, తెరెయాపి అందరినీ సముద్రం వైపు తిప్పి తొలి చరణం ఎత్తుకుంది. మూడు వందల గొంతులు అందుకున్నాయి. వాగును ఎడమ చేతికి ఉంచుకుని ఊరు కిందికి నడిచింది.