అదనంగా పెట్టిన నోటుపుస్తకం

ఎక్కడికి బయల్దేరినా ఏదైనా ఒకటికి రెండు పెట్టుకోవడం ఆ తల్లికి అలవాటు. రెండు గొడుగులు, రెండు నీళ్లసీసాలు, తలనొప్పి మాత్రలు రెండు పట్టీలు. అలాంటి మనిషికి కూతురు చిట్టి ఫైలులో పన్నెండంటే పన్నెండే బొమ్మలు కనబడేసరికి మనసొప్పలేదు. పన్నెండూ నచ్చకపోతే? దారిలో ఒకటి గాలికి ఎగిరిపోతే? చిట్టి స్నానానికి వెళ్లిన అదను చూసి, మంచం కింద దొరికిన ఒక నోటుపుస్తకాన్ని ఫైలు అడుగున దోపింది. తెరిచి చూడలేదు. అట్ట మీది రంగు మరకలు చూస్తే బొమ్మల పుస్తకమేనని తెలుస్తూనే ఉంది.

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తూ బతకాలన్నది చిట్టి కోరిక. ఇప్పటికి మూడు ప్రచురణ సంస్థలు తిప్పి పంపాయి. ఈ నాలుగోవాళ్లూ కాదంటే ఒకటో తారీఖు నుంచి మందుల షాపులో బిల్లులు రాసే పనిలో చేరతానని మాటిచ్చింది. ఆ మాట పట్టుబట్టి తీసుకున్నది తల్లే. బొమ్మలేసుకుని కడుపు నింపుకున్నవాళ్లను ఆమె ఎన్నడూ చూసి ఎరగదు మరి.

"నువ్వెందుకమ్మా రావడం?" అంది చిట్టి బస్సులో.

"మూడో అంతస్తంటున్నావు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఒక్కదానివే ఏం చేస్తావ్?"

"నువ్వుంటే కదులుతుందా?"

"ఇద్దరం అరిస్తే బయటికి వినబడుతుంది."

తీరా అక్కడికెళ్లాక తల్లి మెట్లెక్కించే తీసుకెళ్లింది.

గది నిండా పుస్తకాలే. కుర్చీల మీద ఉన్నవి తీసి కింద పెట్టి వాళ్లను కూర్చోబెట్టింది సంపాదకురాలు. కళ్లజోడు సర్దుకుని ఫైలు తెరిచింది. కుందేళ్లు, చందమామ, పూలతోట. ఒక్కొక్కటీ తిప్పుతుంటే తల్లి లోలోపల లెక్కపెట్టుకుంది.

"గీత బాగుందమ్మా. కానీ ఇలాంటి కుందేళ్లు నా బల్ల మీదికి వారానికి పది వస్తాయి."

అయిపోయింది అనుకుంది తల్లి. మందుల షాపు కౌంటరు వెనక కూతురు నిలబడి ఉన్నట్టే కనబడింది. తను కోరుకున్నదే కదా, మరి ప్రాణం కుదుటపడదేం? చిట్టి తల వంచుకుని గోళ్లలో ఇరుక్కున్న రంగును గోక్కుంటోంది.

ఫైలు మూయబోతూ సంపాదకురాలు అడుగునున్న నోటుపుస్తకం బయటికి తీసింది.

"అది కాదండీ, అది పొరపాటున..." చిట్టి చెయ్యి చాపేలోపే తెరిచేసింది.

మొదటి పేజీలో ఒకావిడ నడుం వంచి, చక్రాలన్నీ ఉన్నాయో లేవోనని బస్సు కింద చూస్తోంది. రెండో పేజీలో తాళం పడిందో లేదోనని గుంజి గుంజి, తలుపే ఊడి చేతికొస్తే కొయ్యబారిపోయింది. ఆవిడ నెత్తిన ఎప్పుడూ ఒక మబ్బు. ఆ మబ్బులో వరదలు, పులులు, తెగిన లిఫ్టు తాళ్లు. చంకలో రెండు గొడుగులు.

సంపాదకురాలు కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "ఎవరీవిడ?" అంటూ తలెత్తి, ఎదురుగా ఉన్న తల్లి ఒళ్లోని గొడుగులు చూసి చటుక్కున ఆగిపోయింది.

తల్లి ముఖం కందిపోయింది. "నన్నిలా నలుగురిలో నవ్వులపాలు చేస్తావటే?"

"నవ్వులాటకి కాదమ్మా. చిన్నప్పుడు నువ్వు 'ఏమైనా అయితే' అన్నప్పుడల్లా ఆ అయ్యేదంతా నాకు కళ్లముందు కనబడేది. వరదంటే వరద, పులంటే పులి. బడికెళ్లే దారంతా వాటినే చూసుకుంటూ వెళ్లేదాన్ని. నాకు బొమ్మలు అబ్బింది అక్కణ్నుంచే. అసలు కుందేళ్లను నేనెక్కడ చూశాను?"

"కుందేళ్లు తీసుకెళ్లిపో. నాకు ఈవిడే కావాలి," అంది సంపాదకురాలు. "ఒక్కటి కాదు, మూడు పుస్తకాలు. కాకపోతే అమ్మగారూ, మీరు ఒప్పుకోవాలి."

తల్లి నోటుపుస్తకం ఒళ్లోకి తీసుకుని, ఒక్కో పేజీ మీదా వేలు ఆనించి తాపీగా చూసింది. ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఒప్పుకోను."

చిట్టి ముఖం పాలిపోయింది.

"బస్సు కింద చూసి ఊరుకుంటానా నేను? డ్రైవరుకి రాత్రి నిద్ర పట్టిందో లేదో కూడా అడుగుతాను. అది కూడా వెయ్యి, అప్పుడు ఒప్పుకుంటా."

ఒప్పందం కాగితం పట్టుకుని కిందికి దిగాక, చిట్టి దగ్గర ఫోను అడిగి తీసుకుని మందుల షాపాయనకు తల్లే చెప్పింది. "మా అమ్మాయి మీ దగ్గర పనిలో చేరదండీ. మూడు పుస్తకాలకి బొమ్మలు వెయ్యాలి."

"బొమ్మలా?" అన్నాడాయన. "ఆ పుస్తకాలు అమ్ముడుపోకపోతేనో?"

తల్లి కూతురి వైపు చూసింది.

"ఎందుకు పోవండీ?" అంది.