తాళం దగ్గరుంటే చాలు

పియెరీనా హెల్మెట్ తీసి ఇచ్చేసరికే వెనక బస్సు హారన్ మోగిస్తోంది. జెనోవాలో ఆసుపత్రి గేటు ముందు ఎవర్నీ ఆగనివ్వరు. ఎట్టోరె ఇంజిన్ ఆపకుండానే బొత్తాం నొక్కి స్కూటరు సీటు లేపాడు. కింద రెండు హెల్మెట్లు పట్టే చోటు. తడిసిన భార్య హెల్మెట్‌ని అందులో పెట్టి, పక్కనే తన ఫోన్ ఛార్జింగుకి తగిలించి మూసేశాడు.

"పదకొండుకి లోపలికి తీసుకెళ్తారు. మత్తిచ్చే ముందు నీ మొహం చూడాలి," అందామె.

"ఈ మొహంలో ఏముందని?"

"ఏమీ లేదు. అలవాటైపోయింది."

జనాన్ని కొండ మీదికి చేర్చే లిఫ్టుకి పైన గ్రీజు పెట్టి వచ్చేస్తానన్నాడు. బతుకంతా ఆ పనే. ఊరి లిఫ్టులు, ఇల్లు, ఆదివారం ఆమె రోట్లో నూరే పెస్తో పచ్చడి. ఇంకేదీ కావాలనుకోలేదు. ఈ పెద్ద స్కూటరు కూడా ఆమె పోరు పడలేక కొన్నదే.

వాన పడుతోంది. హ్యాండిల్ ముందు ఎత్తైన అద్దం గాలిని ఆపుతోంది. తడి రాళ్ల మలుపులో వెనక చక్రం జారబోతే బండే సర్దుకుంది. ముందున్న పలక మీద నారింజ రంగు గుర్తొకటి మిణుకుమంది. ఈ బండిలో ఏదో ఒకటి మిణుకుమంటూనే ఉంటుంది. పట్టించుకోలేదు.

గ్రీజు పని ముగించి వచ్చి మీట తిప్పబోతే తిరగలేదు. స్టాండు దించి ఉంటే ఇంజిన్ అందుకోదు కదా అని స్టాండు తీశాడు. బ్రేకులు రెండూ నొక్కిపట్టాడు. బ్యాటరీని తిట్టాడు, వానని తిట్టాడు, అమ్మినవాణ్ణి తిట్టాడు. బండి ఉలకలేదు.

తోటి పనివాడు గవీనో తలుపులో నిలబడి నవ్వాడు. "ఊరందర్నీ కొండెక్కిస్తావు. నిన్ను దింపేవాళ్లే లేరా?"

అప్పుడే సీటు కింద ఫోన్ మోగింది. సీటు పట్టి లాగాడు. రాలేదు. ఫోన్ ఆగి మళ్లీ మోగింది.

"తాళమేదీ?" అన్నాడు గవీనో, ఈసారి నవ్వకుండా.

ఈ బండికి తాళం దూర్చే చోటే లేదు. తాళం దగ్గరుంటే చాలు. ఎట్టోరె జేబులన్నీ చిల్లులని అదెప్పుడూ పియెరీనా సంచిలోనే ఉండేది. ఇద్దరూ కలిసే ఎక్కేవాళ్లు, కలిసే దిగేవాళ్లు. నడుస్తున్న ఇంజిన్ తాళం దూరమైనా ఆగదు, నారింజ గుర్తొకటి మిణుకుమంటుందంతే. ఒకసారి ఆపితే మాత్రం మళ్లీ నడవదు. గవీనో తన ఫోన్ ఇవ్వబోయాడు. ఆమె నంబరు ఎట్టోరెకి నోటికి రాదు. అదీ సీటు కింద ఫోన్‌లోనే ఉంది.

లిఫ్టు దిగి, బస్సెక్కి చేరేసరికి ఆమెని లోపలికి తీసుకెళ్లిపోయారు.

మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చాడు. ఆపరేషన్ కోసం ఆపిన గుండె తిరిగి అందుకోలేదన్నాడు. ఎట్టోరెకి అర్థం కాలేదు. ఆపడం తెలిసినవాళ్లకి నడపడం తెలియదా అని అడిగాడు.

నర్సు ఆమె సంచి తెచ్చిచ్చింది. "ఆవిడ మీకు ఫోన్ చేస్తూనే ఉన్నారండీ. 'ఇది లేకపోతే ఆయన బండి కదలదు, ఎవరితోనైనా పంపండి' అని మత్తిచ్చేదాకా గొడవ చేశారు."

తనని రమ్మని ఏమైనా చెప్పిందా అని అడగబోయి మానుకున్నాడు.

సాయంత్రం సంచి పట్టుకుని కొండెక్కాడు. మీట ముట్టుకోగానే దీపాలు వెలిగాయి. బొత్తాం నొక్కితే సీటు దానంతటదే లేచింది. ఫోన్ నిండా ఛార్జింగుంది. దాని పక్కన ఆమె హెల్మెట్. లోపలి మెత్త, ఆమె జుట్టు తగిలినచోట, ఇంకా ఆరలేదు.