బాపుకు వచ్చిన అరబ్బీ

సింధూజ డిగ్రీలో రెండో భాషగా అరబ్బీ తీసుకుందన్న సంగతి లింబయ్యకు అన్నీ అయిపోయాకే తెలిసింది. నిజామాబాద్ కాలేజీలో సీటు ఖాయమైంది, ఫీజు కట్టడం అయింది, బస్సు పాసు కూడా చేతికొచ్చింది. ఆ సాయంత్రం బోధన్‌లో వాళ్లింటి అరుగు మీద కూర్చొని పిల్ల మిఠాయి పంచుతూ చెప్పింది.

"నా సోపతోళ్లంత సంస్కృతం అన్నరు బాపు, మార్కులొస్తయని. మా ఇంట్లనే అరబ్బీ ఉండంగ నాకు గవన్ని ఎందుకు అన్న. నువ్వుంటే నాకు ట్యూషన్ పనే లేదు."

"అవ్ మరి. సంకల పిల్లనువెట్టుకొని ఊరంత ఎతుకుతరా?" అంది తల్లి రేణుకమ్మ, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ. భర్తకు అక్షరం ముక్క రాకపోతేనేం, పరాయి దేశపు భాష వచ్చని ఆమెకు మహా గర్వం. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినప్పుడల్లా ఆ ముచ్చట ఎవరో ఒకరి చెవిన వేయకుండా తిరిగి రాదు.

"మంచిదే బిడ్డా" అన్నాడు లింబయ్య. ఇంకేమంటాడు? నోట్లో పెట్టుకున్న మిఠాయి మింగడానికి నీళ్లు తాగాల్సి వచ్చింది.

ఈ జిల్లాలో గల్ఫ్‌కు పోయొచ్చిన మనిషి లేని వాడకట్టు ఉండదు. పోయొచ్చినవాళ్లు చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని పసిపిల్లలకు కూడా తెలుసు. అయితే సొంత ఇంటివాడు చెప్పినదాంట్లో సగం తీసెయ్యాలని ఎవరికి తోస్తుంది?

లింబయ్య ఒకప్పుడు చెరుకు లారీ నడిపాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆడినన్నాళ్లు సీజన్ వస్తే ఆయనకు కంటినిండా నిద్ర ఉండేది కాదు. ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు వేసినవాళ్లు వరిలోకి దిగారు, లారీ ఓనరు లారీ అమ్ముకున్నాడు. లింబయ్య డ్రైవర్ వీసా మీద సౌదీ పోయి, ఐదేళ్లుండి వచ్చాడు. అక్కడినుంచి పంపిన ఫొటో ఇంకా గోడకు ఉంది. అందులో ఆయన పెద్ద తెల్లబండికి ఆనుకొని నిలబడి ఉంటాడు. అప్పటినుంచి వాడకట్టంతా ఆయన్ని సౌదీ డ్రైవర్ అనే అంటారు.

ఆ బండి ఎడారిలోకి నీళ్లు తెచ్చి పోసేవాడిది. ఫొటో దిగినంతసేపే దానికీ లింబయ్యకూ చుట్టరికం. విమానం దిగిన మర్నాడే కఫీలు, అంటే పనిలో పెట్టుకున్న ఆసామి, ఆయన్ని ఎడారిలోకి తీసుకుపోయి మేకల మంద దగ్గర దించి వెళ్లాడు. రేకుల షెడ్డు, నీళ్ల తొట్టి, కనుచూపు మేర ఇసుక. ఐదేళ్లలో ఒక్కనాడు కూడా స్టీరింగ్ పట్టుకోలేదు. మేకలు కాయడం తప్పుడు పనేం కాదు. ఈ పక్క ఊళ్లలో కురుమలు తాతముత్తాతల నుంచి తల ఎత్తుకొని చేస్తున్న పనే. డ్రైవర్‌నని ఊరంతా చెప్పుకొని పోయి, దెబ్బలు తింటూ కాయడం వేరు. ఆ మాట ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చాకా రాలేదు. అప్పటికే రేణుకమ్మ పది మందికి చెప్పుకొని ఉంది, ఇక చెప్పే సందే లేకుండా పోయింది.

ఆయనకు వచ్చిన అరబ్బీ అంతా కలిపితే గుప్పెడు లేదు. రా, పో, తొందరగా, నీళ్లేవి, ఎన్ని చచ్చాయి. అవి కూడా తాను అనడానికి నేర్చుకున్నవి కావు, పడడానికి నేర్చుకున్నవి. తన వైపు నుంచి చెప్పాల్సింది ఒక్కటే మాట, ఐవా, అంటే అవును. ఆ ఒక్క మాటతో ఐదేళ్లు గడిపాడు.

మొదట్లో ఎలాగో తప్పించుకున్నాడు. పొద్దంతా ట్రాలీ ఆటోలో వడ్ల సంచులు మోసి వచ్చి "నడుము నొస్తుంది బిడ్డా" అనేవాడు. పిల్ల అక్షరాలు దిద్దుతుంటే "రాసుడు నాకేం ఎర్క, మాట్లాడుడే" అనేవాడు. ఆ మాటే తర్వాత మెడకు చుట్టుకుంది. సెమిస్టర్ చివర్లో నోటి పరీక్ష ఉంటుందని, హైదరాబాద్ నుంచి వచ్చిన సారు ముందు నిలబడి ఇంటివాళ్ల గురించి అరబ్బీలో చెప్పాలని పిల్ల ఒకనాడు వార్త మోసుకొచ్చింది.

"మాట్లాడుడే గద బాపు. ఇగ నీదే పని."

ఆ సాయంత్రం అందరూ అన్నాలకు కూర్చున్నారు. సింధూజ కంచం పక్కన పుస్తకం తెరిచి పెట్టుకొని పాఠం పైకి చదువుతోంది. చదువుతూ చదువుతూ "తఆల్ హునా" అంది, సారు చెప్పినట్టే గట్టిగా, స్పష్టంగా. ఇటు రా అని దాని అర్థం.

లింబయ్య లేచి నిలబడ్డాడు. చేతిలో ముద్ద అలాగే ఉంది. తల వంచుకొని, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకొని, పిల్ల ముందు నిలబడ్డాడు.

రేణుకమ్మ పకపకా నవ్వింది. "సూడు, బాపుకు ఎంత మంచిగ సమజైతదో." ఆయన కూడా నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. పెరట్లోకి పోయి చెయ్యి కడుక్కొని అక్కడే చాలాసేపు ఉండిపోయాడు. సొంత ఇంట్లో, కన్నబిడ్డ నోట ఆ మాట వినగానే కాళ్లు వాటంతట అవే లేచినందుకు ఆయనకు ప్రాణం చచ్చిపోయినట్టయింది.

మర్నాడు పిల్లను పక్కకు పిలిచి "తెలుగుకు మార్చుకో బిడ్డా" అన్నాడు.

"ఇప్పుడెట్ల మారుస్తరు బాపు, తారీఖు ఎప్పుడో అయిపోయింది. అరబ్బీల పాస్ కాకుంటే కడమయన్ని పాసైనా డిగ్రీ ఇయ్యరు." సింధూజ ముఖం చిన్నబుచ్చుకుంది. "నీకొచ్చింది నాకు చెప్పనీకి ఏమైతుంది? నీకు నా మీద మనసు లేదు."

ఆ మాట కఫీలు కర్ర కంటే గట్టిగా తగిలింది. అయినా ట్రాలీ ఆటో తీసుకొని పనికి పోయాడు. నిజం చెబితే బిడ్డ కళ్లలో తాను ఏమైపోతాడో అన్నదే ఆయన భయం. ఆమె ఒక్కతే ఆయన్ని చదువుకున్నవాడిలాగా చూస్తుంది.

పరీక్షకు ముందు రోజు సాయంత్రం పిల్ల తయారు చేసుకున్నదంతా నిలబడి అప్పజెప్పింది. లింబయ్యకు ఏమీ అర్థం కాలేదు, ఒక్క మాట తప్ప. "అబీ సాయిఖ్." మా నాన్న డ్రైవర్.

సాయిఖ్ అన్న మాట ఆయనకు బాగా తెలుసు. వీసా మీద ఉన్న మాట అదే. ఏజెంటు నేర్పి పంపిన మాట అదే. మంద దగ్గర దిగిన రోజు లైసెన్సు పైకెత్తి చూపిస్తూ "అనా సాయిఖ్, అనా సాయిఖ్" అని, నేను డ్రైవర్‌నని, ఏడ్చినంత పని చేశాడు. కఫీలు లైసెన్సు తీసుకొని జేబులో వేసుకున్నాడు, చేతికి కర్ర ఇచ్చాడు.

"గది గట్ల కాదు బిడ్డా" అన్నాడు లింబయ్య.

"ఏది? నేను తప్పు చెప్పిన్నా?"

"నువ్వు తప్పు చెప్పలే. నేను చెప్పిన."

మొదలుపెట్టాక ఆగలేదు. లైసెన్సు, కర్ర, తొట్టి నీళ్లు, తనవి కాని మేకలు చస్తే తన మీద పడ్డ దెబ్బలు, ఫొటోలోని బండి, అన్నీ చెప్పేశాడు. రేణుకమ్మ చేతిలో సగం చుట్టిన బీడీ విప్పుకుపోయింది.

"నాకు చెప్పకపోతివి" అంది చివరికి. "నేను ఎందరితోని గొప్పలకు వోయిన. నువ్వు గట్ల తిప్పలవడుతుంటె నేనీడ గొప్పలకు వోయిన." కోపంగానే మొదలుపెట్టింది గాని చివరికొచ్చేసరికి కొంగు కళ్లకు అద్దుకుంది.

సింధూజ ఒక్కటే అడిగింది. "బాగ కొట్టిండ్రా బాపు?"

"ఐవా" అన్నాడు లింబయ్య. ఆయనకు తెలియకుండానే ఆ మాట అరబ్బీలో వచ్చింది.

పిల్ల పుస్తకం మూసి లోపలికి పోయింది. "రేపు డ్రైవర్ అనే చెప్పు బిడ్డా, మార్కులు ఖరాబు చేసుకోకు" అని వెనక నుంచి అన్నాడు.

పొద్దున ట్రాలీ ఆటోలో తనే తీసుకుపోయాడు. ఎడపల్లి దాటారు, జానకంపేట దాటారు. సింధూజ పుస్తకం చివర ఉన్న మాటల పట్టికలో దేనికోసమో వెతుకుతూ తనలో తానే గొణుక్కుంటోంది. ఒకసారైనా ఆయన వైపు తిరగలేదు. అయిపోయింది, బిడ్డ దృష్టిలో నేను లేను అనుకున్నాడు లింబయ్య. ఎదురుగా వచ్చే లారీలు కూడా సరిగా కనిపించలేదు.

కాలేజీలో పరీక్ష గది కిటికీ పక్కనే వరండాలో నిలబడ్డాడు. లోపల తెల్లగడ్డం పెద్దమనిషి కుర్చీలో కూర్చొని ఒక్కొక్కరినీ మెల్లగా అడుగుతున్నాడు. సింధూజ వంతు వచ్చింది. తల్లి గురించి చెప్పింది కాబోలు, మధ్యలో బీడీ అన్న మాట వినిపించింది. తర్వాత "అబీ సాయిఖ్" అంది.

లింబయ్య ఊపిరి వదిలాడు. అదే మంచిది. మార్కులొస్తాయి.

పిల్ల మాత్రం అక్కడితో ఆపలేదు. కొత్త మాటలు కూడబలుక్కుంటూ, ఆగి ఆగి, ఇంకేదో చెబుతోంది. అందులో "గనమ్" అన్న మాట వినిపించింది. మేకల మంద. లింబయ్య కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. సౌదీ పేరు వినిపించింది, ఐదు అన్న లెక్క వినిపించింది. మిగతా పిల్లలు వింటున్నారు, సింధూజ తల దించలేదు, గొంతు తగ్గించలేదు.

పెద్దమనిషి చేతిలోని పెన్ను కింద పెట్టాడు. కాసేపు పిల్ల ముఖంలోకి చూసి నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగాడు.

"లింబయ్య" అని జవాబు చెప్పింది సింధూజ.

ఆయన కూడా ఒకసారి ఆ పేరు పలికాడు, ఎవరో పెద్దవాళ్ల పేరు పలికినట్టు.

ఐదేళ్లలో ఆ భాషలో ఎవరూ లింబయ్య పేరు అడగలేదు. ఒరేయ్ హిందుస్తానీ అని పిలిచేవాళ్లు, లేదంటే మేకలకు వేసినట్టే ఈల వేసేవాళ్లు. లింబయ్య వరండా స్తంభం పట్టుకొని ఏడ్చాడు. కాలేజీ పిల్లలు ఆగి చూస్తున్నా ముఖం దాచుకోలేదు.